వెనక పేజీ అడిగిన మావ

మా పక్కింటి మావ పోయాడన్న కబురు నాకు రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. పొద్దున్న పదిగంటల వేళ బడిలో ఉన్నాను, పిల్లల చేత పద్యం అప్పజెప్పించుకుంటున్నాను. అత్త ఫోను చేసింది. "ఒరే అబ్బాయ్, మీ మావ" అన్నంత వరకే వినపడింది. సరిగ్గా అప్పుడే మా బడి కప్పు మీదుగా విమానం దిగుతోంది. "ఏటత్తా? ఇనపళ్లేదు, మళ్లీ సెప్పు" అని అరిచాను. అది వెళ్లిపోయేదాకా ఆగి ఆవిడ మళ్లీ చెప్పింది.

"ఎల్లిపోనాడురా. టీ గ్లాసు సేతికిచ్చి లోపలికెల్లి వొచ్చేసరికి ఎల్లిపోనాడు."

మొగుడు చచ్చిపోయిన మాట ఒక మనిషి చేత రెండుసార్లు అనిపించిన పాపం ఆ విమానానిదేనని సరిపెట్టుకోవచ్చు. నేను సరిపెట్టుకోలేకపోతున్నాను. ఆ చప్పుడు సంగతిలో నా వంతు కూడా కొంత ఉంది, అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఇది చదివేవాళ్లకి ఆయన తెలిసే అవకాశం లేదు. పేపర్లో ఎప్పుడూ ఫొటో పడలేదు. మావ అన్నానని చుట్టరికం అనుకోకండి, గోడకి గోడ ఇల్లు, అంతే. మా వైపు పక్కింటి పెద్దమనిషికి ఏదో ఒక వరస కలపకుండా వదలం. ఊరి పేరు చెప్పను. శ్రీకాకుళం బస్సూ విజయనగరం బస్సూ రెండూ ఆగే ఊరు, ఈ మధ్య విమానాలు కూడా నెత్తిమీద ఆగినట్టే ఉండే ఊరు.

మావ జూట్ మిల్లులో మగ్గాల షెడ్డులో పనిచేసి దిగిపోయాడు. నెల్లిమర్లది కాదు, వేరే మిల్లు, ఇప్పుడది లేదు. ఆ షెడ్డులో రెండు మూరల దూరాన మనిషి గొంతు చించుకున్నా వినపడదట. అందుకని అక్కడ ఎవరూ అరవరు. పెదవులు కదిపి మాట్లాడుకుంటారు, గొంతు పెట్టరు. పోగు తెగితే ఒక సైగ, మేస్త్రీ వస్తుంటే ఒక సైగ, టీకి పోదామంటే ఒకటి. అలా ముప్పై ఏళ్లు మాట్లాడి మాట్లాడి, చెవులు మిల్లులో వదిలేసి, నోళ్లు చదివే విద్య మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు.

కాబట్టి మా వీధిలో ఆయన ఎదుట గుసగుసలు సాగేవి కావు. అరుగు మీద కూర్చుని ఎదురింటి గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్లు ఏం చెప్పుకుంటున్నారో ఇక్కడినుంచి చదివేసి అత్తకి చెప్పేవాడు. అత్త కసిరేది. "ఒకళ్ల ఇంటి మాటలు నీకేలయ్యా?" ఆయనేమో, "నాను ఇన్నానేటి? సూసినాను" అనేవాడు. ఎవరైనా సరదాకి చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని ఎత్తిపొడిస్తే, మిగతా సగం తనే పూర్తి చేసేవాడు, దాన్ని కొరకడం నీ తాత తరం కూడా కాదులే అని. గొంతు పెడితే మరీ పెద్దగా వచ్చేది. అది తనకే తెలిసి, అవసరం పడితే తప్ప గొంతు పెట్టేవాడు కాదు. మాతో ఉత్త పెదవులతోనే మాట్లాడేవాడు. నాకు చిన్నప్పటినుంచీ అలవాటై, నేనూ కొంత చదవడం నేర్చుకున్నాను.

ఇంకొక అలవాటు ఉండేది. సాయంత్రం అరుగు మీద కూర్చున్నప్పుడు కుడి అరచెయ్యి వెనక గోడకి ఆనించి ఉంచేవాడు. ఉన్నట్టుండి పెదవులతో "వస్తన్నాది" అనేవాడు. మేం చెవులు రిక్కిస్తే కాకి అరుపు తప్ప ఏమీ ఉండేది కాదు. పది అంకెలు లెక్కపెట్టేలోగా కొబ్బరిచెట్ల మీదుగా విమానం వచ్చేది. శుభ్రమైన చెవులు పెట్టుకున్న మా అందరికంటే ముందు చెవిటివాడికి తెలిసిపోయేది. గోడ చెబుతుందనేవాడు. ఏళ్ల తరబడి ఆ చెయ్యి ఆనీ ఆనీ గోడ మీద సున్నం పోయి జిడ్డుగా ఒక నల్లటి మచ్చ పడింది.

విమానాశ్రయం వస్తుందంటే సంబరపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను, అబద్ధం చెప్పడమెందుకు. పిల్లలకి పని దొరుకుతుందన్నారు, కొందరికి దొరికింది కూడా. మొదట్లో విమానం పోతుంటే వీధంతా బయటికొచ్చి చూసేవాళ్లం. తరువాత తలెత్తడం మానేశాం. ఆ తరువాత చెవులు మూసుకోవడం మొదలుపెట్టాం. డాబా మీద ఎండేసిన గుమ్మడి వడియాల మీద సన్నటి నల్లపొడి కనపడేది. అది విమానాల మసి అని మా ఆవిడ, కాదు రోడ్డు మీద లారీల దుమ్మని అత్త, ఇద్దరికీ వాదన. మావ వేలితో తీసి వాసన చూసి "కిరసనాయిలు" అని తీర్పు చెప్పేవాడు. అప్పటికే మా అమ్మాయి పురిటికి వచ్చి ఉంది. నెలల గుడ్డు, నా మనవరాలు, విమానం పోయినప్పుడల్లా ఉలిక్కిపడి రెండు చేతులూ గాల్లోకి విసిరి గుక్కపట్టేది. నీళ్ల దగ్గర్నుంచి నిద్ర దాకా మా ఇంట్లో అన్నీ విమానాల మధ్య సందుల్లో జరిగేవి.

అలాంటి రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వం ఒక బిల్లు తెస్తోందని వార్త వచ్చింది. విమానాశ్రయాల చుట్టుపక్కల ఊళ్లలో చప్పుడు కొలవాలట. గాలి, నీళ్లు పరీక్ష చేసి లెక్కలు గ్రామ సచివాలయంలో అతికించాలట. చప్పుడు గీత దాటిన ఇళ్లకి రెండు అద్దాల కిటికీలు ఉచితంగా పెట్టాలట. అన్నిటికన్నా ముఖ్యం, విమానాశ్రయాన్ని పెంచే ముందు బాధపడే ఇళ్లవాళ్ల మాట సభ పెట్టి వినాలట. ఊళ్లో తెలుగు మాష్టారిని నేనే కనుక, ఆ ముసాయిదా తెచ్చి మావ అరుగు మీద కూర్చుని అందరికీ చదివి వినిపించాను. ఆయనకి వినిపించడం కాదు, నా నోరు ఆయన వైపు తిప్పి చదివాను.

మంచి బిల్లు అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. మావ మాత్రం ముఖం చిట్లించాడు.

"ఇమానాన్ని ఆపుతాదా?"

"ఆకాశం కేంద్రానిది మావా. రాష్ట్రానికి నేల మీదే అధికారం."

"ఆకాశం ఆలది, నేల ఈలది. మద్దిలో సెవులు ఎవులివి?"

నేను చప్పుడు కొలిచే పద్ధతిలోకి వెళ్లాను. రోజు మొత్తానికి సగటు తీస్తారని చదివాను. ఆయన సగటు అంటే ఏమిటని అడిగి, విప్పి చెప్పించుకుని, "రోజుకొక సెంపదెబ్బ కొట్టి, రోజంతటికీ సగటు తీస్తే నిమిరినట్టుంటాదిరా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తరువాత బడి పిల్లలకి సగటు లెక్క చెప్పే మాష్టారికి ఈ మాట చెబితే ఆయన నవ్వలేదు.

మావకి అనుమానం ఎక్కువ అని వీధిలో అందరూ అనుకునేదే. కూరల బండివాడు కొసరు వేస్తే తక్కెడ చూసేవాడు. టీకా వేసే అమ్మాయి నవ్వితే సూది చూసేవాడు. ఏ కాగితం ఇచ్చినా ముందు వైపు చూడకుండా తిరగేసేవాడు. పెద్ద అక్షరాలు కూడబలుక్కుని చదవగలడు, సన్నవి కానరావు. అందుకని తిరగేసి నాకు ఇచ్చి, "ముందు ఎనక పేజీ సూడు" అనేవాడు. పెళ్లి శుభలేఖకి కూడా అంతే. శుభలేఖ వెనక ఏముంటుంది మావా అంటే, "ఏటీ లేదని నువ్వు సూసి సెప్పు. అప్పుడు ముందు సదువుతాం" అనేవాడు.

ఆ అలవాటు ఎక్కడిదో ఒకసారి చెప్పాడు. మిల్లులో ఒక ఏడాది చెవుల్లో పెట్టుకోమని రబ్బరు బిరడాలు పంచారట. పుచ్చుకున్నట్టు రిజిస్టరులో సంతకం పెట్టించుకున్నారట. అవి వారం తిరక్కుండా నూనె పీల్చి పగిలిపోయాయి. మళ్లీ ఇవ్వలేదు. తరువాత చెవులు పోయాయని వెళ్లి అడిగితే ఆ రిజిస్టరు తీసి చూపించారు. బిరడాలు అందాయి, ఇకపై వినికిడి విషయంలో ఫిర్యాదు చేయను అని పేజీ వెనక అచ్చువేసి ఉంది, ముందు వైపు ఆయన సంతకం ఉంది. "బిరడా పోయింది, సెవి పోయింది, సంతకం ఒక్కటీ సెక్కుసెదరలేదు" అని నవ్వాడు. నవ్వేటప్పుడు ఆయన కళ్లు నవ్వేవి కావు.

ఇంత తెలిసీ నేను చేసిన పని చెబుతాను.

బిల్లు ఇంకా శాసనసభలో ఉండగానే కిటికీల దరఖాస్తులు వచ్చాయి. ముందుగా ప్రయోగంగా మా ఊరినే ఎంచుకున్నారని, కిటికీలు బిగించే కంపెనీ మనిషి ఒకడు ఫారాలు పట్టుకుని తిరిగాడు. నాలుగు పేజీలు, ముందు మూడింటిలో పేరు, ఇల్లు, కిటికీల కొలతలు. వీధిలో అందరి ఫారాలూ నేనే నింపాను. రెండు సాయంత్రాలు మా వరండాలో కుర్చీ వేసుకుని, కళ్లజోడు తుడుచుకుంటూ, గుండ్రటి అక్షరాలతో. నా చేతిరాత మీద నాకు మమకారం ఎక్కువ. అందరూ నన్ను చూసే సంతకం పెట్టారు. మాష్టారు నింపాడంటే ఇంకేం చూస్తారు?

మావ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఒక ఫారం తీసి తిరగేశాడు. "ఎనక ఏటున్నాది?"

"నిబంధనలు మావా. మామూలే."

మళ్లీ అడిగాడు. నేను కొలతలు రాస్తున్నాను. మూడోసారి అడిగినప్పుడు విసుక్కున్నాను. "అన్నిటికీ అనుమానమేనేటి మావా? పసిగుంట నిద్దరోటం లేదు ఇంట్లో."

ఆయన ఫారం నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. తన ఇంటికి మాత్రం సంతకం పెట్టలేదు. ఊరంతా నవ్వింది, చెవిటివాడికి కిటికీ ఎందుకులే అని. నేనూ ఆ నవ్వులో ఒక గొంతు కలిపాను. కలపలేదని రాసుకోవచ్చు, కానీ అబద్ధమవుతుంది.

కిటికీలు సాలూరు లారీలో వచ్చాయి. రెండు రోజుల్లో బిగించారు. వాటిని మెచ్చుకోకపోతే తప్పు. మూస్తే విమానం దూరంగా ఎవరో చాప ఈడ్చినట్టు వినపడేది. మొదటి మధ్యాహ్నం నా మనవరాలు మూడు గంటలు నిద్రపోయింది. మా అమ్మాయి లేచి లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంది, పిల్ల ఊపిరి తీస్తోందా అని. చప్పుడుతో పాటు కూరగాయల కేకలు, పక్కింటి అత్త కసుర్లు, వీధి మొత్తం ఆగిపోయింది. మూసిన కిటికీలోంచి కూడా నాకు మాట వినిపించగలిగినవాడు మా వీధిలో ఒక్కడే. మావ తన అరుగు చివర నిలబడి పెదవులతో, "గుంట నిద్దరోనాదా?" అని అడిగేవాడు. నేను లోపలినుంచి తల ఊపేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ఆయన ఇంటిముందు ఒక తెల్ల కారు ఆగడం మొదలైంది. ఒకసారి కాదు, రెండుసార్లు, మూడుసార్లు. కిటికీలు వద్దన్నవాడి ఇంటికి కారెందుకు వస్తోంది? ఊరక రారు మహానుభావులు అని వీధిలో మాట పుట్టింది. ముసలాడు లోపల్లోపల ఏదో కుదుర్చుకుంటున్నాడనీ, అందుకే మనతో కలవలేదనీ ఒకరు. రోడ్డు పక్క ఆయన కొబ్బరితోట ముందుముందు వేసే రెండో రన్‌వేకి కావాలట, దానికి బేరమనీ ఇంకొకరు. నాకూ అదే పురుగు తొలిచింది. ఆయన నుంచే నేర్చుకున్న అనుమానం ఆయన మీదే పెట్టాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"కారు ఎవరిది మావా?"

"కిటికీలోడిది. వీదంతా పూర్తి కావాలంట. నా ఒక్కిల్లు మిగిలిపోనాదంట. సంతకం ఎట్టమని కూకున్నాడు." కాసేపు నా మొహం చదివాడు. అందులో ఏముందో ఆయనకి అర్థమైందనే నా నమ్మకం. అయినా కోప్పడకుండా, "ఊరికే ఇచ్చేదానికి ఇన్నిసార్లు తిరుగుతారేటిరా? అద్దం నాకు కావాలో, సంతకం ఆలకి కావాలో నువ్వే సెప్పు" అన్నాడు.

అప్పుడైనా నేను వెనక పేజీ చదివి ఉండాల్సింది. ఫారం ఒకటి నా సంచిలోనే మిగిలి ఉంది. చదవలేదు.

తరువాతి నెలలో గ్రామసభ పెట్టారు. బడి ఆవరణలో షామియానా, మైకు, వేదిక మీద ఒక అధికారి, పక్కన కంపెనీ మనిషి. కిటికీల పథకం బాగా జరిగిందని ఊరి చేత అనిపించుకోవడానికి పెట్టిన సభ. మావ అందరికంటే ముందు, షామియానా రాట పక్కన నేల మీద కూర్చున్నాడు. అరచెయ్యి రాటకి ఆనించి ఉంది. అధికారి బిల్లు గురించి చక్కగానే చెబుతున్నాడు. మధ్యలో మావ నా వైపు తిరిగి పెదవులతో "వస్తన్నాది" అన్నాడు.

వచ్చింది. మైకు ఉన్నా ఏమీ వినపడలేదు. అధికారి మాట ఆపాడు. జనం తలలు వంచుకుని అది పోయేదాకా ఆగారు, అలవాటే కదా. ఆ చప్పుడు కింద అధికారి కంపెనీ మనిషి వైపు వంగి ఏదో అన్నాడు. అతను నవ్వి ఏదో అన్నాడు. చుట్టూ మూడు వందల మంది ఉన్నా నాలుగు గోడల మధ్య ఉన్నంత ధీమాగా మాట్లాడుకున్నారు. విమానం పోయింది.

మావ లేచి నిలబడ్డాడు. గొంతు పెట్టాడు. ఆయన గొంతు విని ఎన్నాళ్లయిందో, జనమంతా అటు తిరిగారు.

"బాబూ! ఇమానం ఎల్లినప్పుడు మీ ఇద్దరూ ఏదో అనుకున్నారు. అది మైకులో సెప్పండి."

అధికారి నవ్వాడు. "ఏం లేదు పెద్దాయనా. భోజనాల సంగతి."

"బోజనాల సంగతి కాదు. ముప్పై ఏళ్లు నోళ్లు సూసి బతికినోడిని. కిటికీ పుచ్చుకున్నోడికి రేపు రెండో రన్‌వే కాడ నోరుండదు, ఈ జనం ఎనక పేజీ సదవలేదు అన్నారా లేదా?"

అనలేదు అని ఒక్క ముక్క అని ఉంటే సరిపోయేది. కంపెనీ మనిషికి కంగారు పుట్టింది. "అది మామూలుగా అన్ని ఫారాల్లో ఉండే లైనే అండీ. మీ ఊరికని ప్రత్యేకంగా పెట్టింది కాదు" అనేశాడు. అధికారి అతని వైపు చూసిన చూపు నేను మరిచిపోను. ఆ లైను సంగతి ఆయనకీ అప్పుడే తెలిసిందో, బయటపడిందని కోపమో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నేను సంచిలోంచి ఫారం తీశాను. నాలుగో పేజీ, అడుగున, చీమతలంత అక్షరాలు. లేచి నిలబడి పైకి చదివాను. ఈ సహాయమును స్వీకరించిన గృహస్థు, విమానాశ్రయము యొక్క ప్రస్తుత మరియు భవిష్యత్ విస్తరణ వలన కలుగు శబ్ద కాలుష్యములకు ఇదియే పూర్తి పరిహారమని అంగీకరించుచు, తదుపరి ఆక్షేపణ హక్కును వదులుకొనుచున్నాడు. బిల్లులో ఈ మాట ఎక్కడా లేదు. బిల్లు ప్రభుత్వం రాసింది. ఫారం ఎవరు రాశారో ఎవరూ చెప్పలేదు.

వెనకనుంచి ఒక ఆడగొంతు లేచింది. "మాస్టారూ, నువ్వు సదివే కదా మమ్మల్ని సంతకం ఎట్టమన్నావు!"

ఆ మాట తిట్టుగా అనలేదు ఆవిడ. ఆశ్చర్యంగా అంది. తిట్టి ఉంటే బాగుండేది.

పరిశీలిస్తామన్నారు. కాగితం మీద రాసివ్వమని మావ అడిగాడు. పైనుంచి రావాలన్నారు. సభ అయిపోయింది. భోజనాలు నిజంగానే పెట్టారు, తినలేదని ఎవరూ అనుకోకండి, తిన్నాం.

ఆ సాయంత్రం అరుగు మీదికి వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. తిడతాడని వెళ్లాను. ఆయన గోడకి చెయ్యి ఆనించి వీధిలోకి చూస్తున్నాడు.

"తప్పు సేసినాను మావా" అన్నాను.

"సేసినావు" అన్నాడు. అంతే. దాన్ని లాగలేదు, పీకలేదు. కాసేపటికి నేను అడిగాను, నిజంగా వాళ్లు ఆ మాటలే అన్నారా అని.

మావ పళ్లు లేని నవ్వు నవ్వాడు. "ఆ కిటికీలోడికి మీసాలు. సగం పెదివి కానరాదు. ఎనక అనే మాట అన్నట్టు అనిపించినాది. మిగిలింది నాను కలిపి ఏసినాను."

నేను ఆయన వైపు తిరిగాను. "ఒకవేళ ఆ లైను లేకపోతే? ఊరందరి ముందూ ఏటయ్యేవాడివి?"

"సెవిటి ముసలాడు ఏదో వాగినాడు అనుకుని ఎల్లిపోయేవోరు. ఎప్పుడూ అనుకునేదే కదా." తరువాత నా భుజం మీద చెయ్యి వేశాడు. "నాను మూడుసార్లు అడిగితే మామూలే అన్నావు. ఇంక నాకు ఆడి నోరే దిక్కయినాది."

ఆ మాటకి నేను ఏడ్చాను. దాచుకోవలసిన సంగతేమీ కాదు.

సంతకం వెనక్కి తీసుకోవచ్చని కొన్నాళ్లకి కబురు వచ్చింది. దరఖాస్తు రాయాలి, కిటికీలు ఊడదీసి అప్పజెప్పాలి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు గానీ, ఇక్కడ కడుక్కోవడానికి పసిపిల్ల నిద్ర ధారపోయాలి. రేపెప్పుడో వచ్చే రెండో రన్‌వే మీద మాట్లాడే హక్కు కోసం ఇవాళ్టి నిద్ర ఎవరు వదులుకుంటారు? ఒకరిద్దరు తీశారు. మిగతావాళ్లం చూద్దాంలే అనుకున్నాం. నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడిన రోజున, అవతల అరుగు మీదినుంచి మావే వద్దన్నాడు. అద్దం అవతల ఆయన పెదవులు నాకు స్పష్టంగా కనపడ్డాయి. "గుంటని ఇంకో నాల్రోజులు పడుకోనీ. నానున్నాను కదా. నా ఇంటికి సంతకం లేదు. ఆలొచ్చిన్నాడు నాను మాటాడతాను."

ఆ హామీ మీద నేను ఆ పని వాయిదా వేశాను. మా వీధిలో పెదవి విప్పుతానన్నది ఒక్క చెవిటివాడు, ఆయన వెనకాల మేమందరం తలుపులు మూసుకుని నిద్రపోయాం. బిల్లు చట్టమైంది. పేపర్లో మొదటి పేజీలో పడింది. మావ పేపరు తిరగేసి వెనక పేజీ చూశాడు. అక్కడ సినిమా ప్రకటన ఉంది.

ఆయనని సాగనంపే రోజున డప్పులు వాయించేవాళ్లు విమానం వచ్చినప్పుడల్లా ఆపేశారు. వాళ్లు వాయించినా ఒకటే, ఆపినా ఒకటే. అలవాటుకొద్దీ ఆపారు. పాడె మోస్తూ నేను ఒకసారి ఆయన మొహం చూశాను, పెదవులు కొంచెం తెరుచుకుని ఉన్నాయి. చదవబోయాను. మనిషి బుద్ధి అంత వెర్రిది.

పదో రోజు కర్మ ఇంకా కాలేదు, సచివాలయం గోడకి నోటీసు అంటించారు. రెండో రన్‌వే విస్తరణ మీద బాధిత గృహస్థుల అభ్యంతరాలు వింటారట. ఆక్షేపణ హక్కు ఉన్న ఇళ్ల జాబితా కింద అతికించారు. మా వీధి నుంచి మూడు ఇళ్లు. అందులో ఒక పేరు చచ్చిపోయిన మనిషిది. ఆ నోటీసు అంటించడానికి ఆయన చావు కోసం ఆగారని అనడానికి నాకు నోరు రాదు. అనుమానం మాత్రం వస్తుంది. ఆయన దగ్గర పెరిగినవాణ్ణి, అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

నోటీసు ఫొటో తీసి అత్తకి చూపించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకోలేదు. "ఎనక ఏటున్నాది?" అని అడిగింది.

"గోడ అత్తా. గోడకి అంటించినారు."

"అయితే సరే." కొంగుతో మొహం తుడుచుకుంది. "నాను ఎల్తాను. ఇల్లు నాది. ఆయన సంతకం ఎట్టలేదు, నానూ ఎట్టలేదు. ఏటి మాటాడాలో నువ్వు సెప్పు."

"నాను సెప్పడమేటత్తా? నానూ వస్తన్నాను."

ఆ మధ్యాహ్నమే కిటికీలు ఊడదీశాను. మా ఆవిడ స్క్రూలు గిన్నెలో వేసి పట్టుకుంది. మా అమ్మాయి పిల్లని భుజాన వేసుకుని అవతల గదిలోకి వెళ్లింది. సంతకం వెనక్కి తీసుకునే నాలుగు పేజీల దరఖాస్తు నేనే నింపాను, ఈసారి వెనక వైపు ముందు చదివి. తీసిన చట్రాల్లోంచి వీధి గాలి లోపలికి వచ్చింది. దానితో పాటు కూరల బండి కేక, ఎవరిదో దగ్గు, కిరసనాయిలు వాసన.

దరఖాస్తు మీద సాక్షి సంతకానికి అత్త దగ్గరికి వెళ్లాను. ఇంటికి సున్నం వేయించాలని చుట్టాలు అంటున్నారట, అరుగు వెనక గోడ మాత్రం ముట్టుకోవద్దని చెప్పిందట. ఆవిడ సంతకం పెడుతుంటే నేను మావ కూర్చునే చోట కూర్చున్నాను. ఆ నల్లటి మచ్చ మీద నా అరచెయ్యి ఆనించాను. ఆయన చెయ్యి నా చేతికన్నా పెద్దదని అప్పుడే తెలిసింది. మచ్చ నా వేళ్ల చుట్టూ ఇంకా మిగిలింది.

గోడ చల్లగా ఉంది. కాసేపు ఏమీ లేదు. తరువాత లోపల ఎక్కడో, చాలా దూరాన, సన్నటి వణుకు మొదలైంది. వీధిలో ఇంకా ఏ చప్పుడూ లేదు. అత్త తలెత్తి నా మొహం వైపు చూసింది. నేను గొంతు పెట్టకుండా పెదవులు కదిపాను.

"వస్తన్నాది."